క్రీము ఎలా తయారైందో డబ్బా మీద రాయాలి

సంపాదకులకు నమస్కారం.

గత నెల మీ ఆదివారం అనుబంధంలో చర్మ సంరక్షణ మీద వచ్చిన వ్యాసం చదివి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఈ మధ్య సీరంలలోను, క్రీములలోను వాడుతున్న హయలురానిక్ యాసిడ్, స్క్వాలేన్, నయాసినమైడ్ వంటివి బ్యాక్టీరియాతోను, ఈస్ట్‌తోను ప్రయోగశాలలో పుట్టించిన కృత్రిమ రసాయనాలని, వాటిని మానేసి నిమ్మరసం, పసుపు, పెరుగు వంటి సహజ పదార్థాలకు మళ్లాలని ఆ వ్యాసం సారాంశం. నేను బెంగళూరులో ఎంజైములు తయారుచేసే ఒక సంస్థలో నాణ్యతా పరీక్షల విభాగంలో ఇరవై ఆరేళ్లు పనిచేసి రిటైరైన మనిషిని. మా సంస్థ సౌందర్య సాధనాలు చేసేది కాదు, ఏ క్రీము కంపెనీతోను నాకు లావాదేవీలు లేవు. అయినా ఆ వ్యాసానికి జవాబు రాయక తప్పదనిపించడానికి కారణం మా ఇంట్లోనే జరిగింది.

మా అన్నయ్య కూతురు వైట్‌ఫీల్డులో ఉద్యోగం చేస్తూ మారతహళ్ళిలో మాతోనే ఉంటోంది. ఆ వ్యాసం చదివిన రోజున "అత్తా, ఇన్నాళ్లూ నేను మొహానికి రాసుకున్నది బ్యాక్టీరియానా?" అంటూ, సగం కూడా వాడని సీరం సీసాను చెత్తబుట్టలో పడేసింది. మరుసటి ఆదివారం, వ్యాసంలో చెప్పినట్టే నిమ్మచెక్కతో బుగ్గలు, మెడ రుద్దుకుని, ఆరిందో లేదో స్కూటర్ వేసుకుని మిట్టమధ్యాహ్నపు ఎండలో బయటికి వెళ్లి వచ్చింది. మంగళవారానికి ఆ చోటంతా ఎర్రగా పొంగి, చిన్న చిన్న బొబ్బలు లేచి, అవి ఆరాక గోధుమరంగు చారలు మిగిలాయి. నిమ్మ తొక్కలోను, కొంతవరకు రసంలోను ఫ్యూరోకౌమరిన్లు అనే పదార్థాలుంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలితే, అందులోని అతినీలలోహిత కిరణాలతో కలిసి నిప్పు తగిలినంత పని చేస్తాయి. మచ్చలు పోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. బావంచాల గింజలలో ఉండే సొరాలెన్ కూడా ఈ కుటుంబానిదే. బొల్లి మచ్చల మీద బావంచాల నూనె రాసి ఎండలో కూర్చోబెట్టే పాత వైద్యం ఆ గుణం ఆధారంగానే నడిచింది. అవే గింజల నుంచి 1966లో పుణెలోని నేషనల్ కెమికల్ లాబొరేటరీ శాస్త్రవేత్తలు బకుచియోల్ అనే మరో పదార్థాన్ని వేరుచేశారు. ముడతలకు వాడే రెటినాల్ పడనివారి కోసమని ఇప్పుడది ఖరీదైన క్రీములలోకి ఎక్కింది. కాల్చేదీ, పనికొచ్చేదీ ఒకే గింజలో ఉన్నప్పుడు, గింజ సహజమైనదా అని అడిగితే మనకు తెలిసేది ఏమీ లేదు. దానిని ఎలా వేరుచేశారు, ఎంత శుభ్రం చేశారు అని అడగాలి.

బ్యాక్టీరియాతో తయారైనది అంటే బ్యాక్టీరియా నిండినది అని వ్యాసకర్త అనుకున్నట్టున్నారు. విచిత్రమేమిటంటే, మొహానికి పట్టించమని వారే చెప్పిన పెరుగులో చెంచాకు కోట్లకొద్దీ బ్యాక్టీరియా ప్రాణాలతో ఉంటుంది. సీరంలో ఆ లెక్క పరిమితి దాటితే చాలు, ఆ బ్యాచ్ గురించి ఎవరో ఒకరు సంజాయిషీ రాసుకోవలసి వస్తుంది. పద్ధతి మాత్రం మన వంటింటిదే. పాలకు తోడు వేసినట్టు, ముందుగా ఒక చిన్న సీసాలో పెంచిన కల్చర్‌ను చిన్న ట్యాంకులోకి, అందులోంచి వేల లీటర్ల ఫెర్మెంటర్‌లోకి మారుస్తారు. దానికి తిండిగా పంచదారో, మొలాసిస్సో వేసి, వేడిమి, పులుపు, గాలి అదుపులో ఉంచుతారు. ఒకటి రెండు రోజులకు తయారైన ద్రవాన్ని, మేము బ్రాత్ అనేదానిని, వేడి చేసి జీవులను చంపి, వడగట్టి, కావలసిన పదార్థాన్ని మాత్రం వేరుచేసి, కడిగి, ఆరబెడతారు. మిగిలిపోయిన ప్రోటీను ఎంత, సీసం వంటి లోహాలు ఉన్నాయా, సూక్ష్మజీవుల లెక్క ఎంత అని చూసేది ఈ చివరి మజిలీలో. నా ఉద్యోగమంతా అక్కడే గడిచింది కనుక, పులియబెట్టినదాని మంచిచెడ్డలు ట్యాంకులో కన్నా ఈ వడపోతలోనే తేలుతాయని నేను గట్టిగా చెప్పగలను.

నిమ్మ సంగతి వచ్చింది కాబట్టి ఇంకొక్క మాట. కిరాణా కొట్టులో నిమ్మ ఉప్పు పేరుతో అమ్మే సిట్రిక్ యాసిడ్‌కు నిమ్మకాయతో సంబంధం తెగిపోయి దాదాపు వందేళ్లయింది. ఒకప్పుడు ఇటలీ నిమ్మతోటల నుంచి వచ్చేదానిని, ఆస్పర్‌జిల్లస్ నైగర్ అనే బూజు పంచదార తిని తయారుచేయగలదని 1917లో జేమ్స్ కరీ చూపించాడు. రెండేళ్లకే ఫైజర్ సంస్థ ఆ పద్ధతిలో ఉత్పత్తి మొదలుపెట్టింది. ఉల్లిపాయ పొరల మీద నల్లటి పొడిలా కనిపించే బూజు అదే. పులిహోరలోకి నిమ్మ ఉప్పు వేసుకునేవారెవరూ దానిని చూసి బెదిరిపోలేదు.

ఇక హయలురానిక్ యాసిడ్. 1934లో కొలంబియా విశ్వవిద్యాలయంలో కార్ల్ మేయర్, జాన్ పామర్ దీనిని ఆవు కంటిలోని జిగురు పదార్థం నుంచి మొదటిసారి వేరుచేశారు. డెబ్బై కిలోల మనిషి ఒంట్లో ఇది సుమారు 15 గ్రాములుంటుంది. అందులో దాదాపు సగం చర్మంలోనే. మొత్తంలో మూడోవంతు రోజూ అరిగిపోతూ, మళ్లీ పుడుతూ ఉంటుంది. తర్వాత చాలాకాలం కోడిపుంజు తల మీది ఎర్రటి జుట్టును కోసి, నానబెట్టి దీనిని తీసేవారు. సంక్రాంతి పందేల జిల్లా నుంచి వచ్చినదాన్ని కాబట్టి, ఆ జుట్టుకు బరిలో కాక ఇంకో విలువ ఉందని తెలిసినప్పుడు నాకు నవ్వు వచ్చింది. ఇప్పుడు మార్కెట్టులో దొరికే సరుకులో ఎక్కువ భాగం బ్యాక్టీరియాను పులియబెట్టి తీస్తున్నదే. ఇందుకు వాడే స్ట్రెప్టోకాకస్ జూఎపిడెమికస్ గుర్రాలకు జబ్బు చేసే జీవి. గుర్రం ఒంట్లో దూరాక రక్షణ కణాల కంట పడకుండా అది తన చుట్టూ హయలురానిక్ యాసిడ్ దుప్పటి కప్పుకుంటుంది. ఆ దుప్పటీ, జంతువుల ఒంట్లో ఉండేదీ ఒకటే పదార్థం కావడంతో రక్షణ కణాలు దానిని ఇంటి మనిషే అనుకుంటాయి. ఫెర్మెంటర్ మనుషులు చేసేదల్లా ఆ మారువేషాన్ని ఊడదీసి, శుభ్రం చేసి, దొంగను పారబోయడం. పని సాగేకొద్దీ బ్రాత్ గంజిలా చిక్కబడిపోయి లోపలికి గాలి అందదు, అందువల్ల లీటరుకు పది గ్రాములు దాటి తీయడం ఎంతో కష్టం. జబ్బు చేసే జీవితో పని ఎందుకని కొన్ని సంస్థలు ఆ దుప్పటి నేసే జన్యువును బాసిల్లస్ సబ్టిలిస్ అనే నిరపాయమైన బ్యాక్టీరియాలోకి మార్చి దానిచేత చేయిస్తున్నాయి.

జన్యువు మార్చారనగానే కంగారు పడేవారికి ఇన్సులిన్ గుర్తుచేయాలి. అది ఒకప్పుడు పందుల, పశువుల క్లోమం నుంచి వచ్చేది. మానవ ఇన్సులిన్ జన్యువును బ్యాక్టీరియాలో పెట్టి తయారుచేసిన మందుకు 1982లో అమెరికాలో అనుమతి దొరికింది. మన బెంగళూరు సంగతే తీసుకుంటే, 1978లో కిరణ్ మజుందార్ షా అద్దె ఇంటి గ్యారేజీలో మొదలుపెట్టిన బయోకాన్ తొలిరోజుల్లో చేసింది బొప్పాయి పాల నుంచి పపైన్ ఎంజైము. పాతికేళ్ల తర్వాత అదే సంస్థ ఈస్ట్‌తో ఇన్సులిన్ చేసి అమ్మింది. రోజూ పొట్టలోకి గుచ్చుకుంటున్నదానికి లేని భయం, మొహం మీద రాసుకునేదానికి ఎందుకో నాకు అర్థం కాదు.

అన్నిటికన్నా రసవత్తరమైన కథ స్క్వాలేన్‌ది. జపాన్ శాస్త్రవేత్త మిత్సుమారు త్సుజిమొతో 1906లో లోతు సముద్రపు సొరచేప కాలేయపు నూనెలో స్క్వాలీన్‌ను కనిపెట్టాడు. మనం పుట్టు వండుకునే ఒడ్డు సొరలు కావివి. చీకటి లోతుల్లో బతికే ఈ సొరలకు ఒంటి బరువుతో పోలిస్తే చాలా పెద్ద కాలేయం ఉంటుంది, అందులోని తేలికపాటి నూనెలే వాటిని మునిగిపోకుండా తేల్చి ఉంచుతాయి. మన చర్మం మీద ఊరే జిడ్డులోనూ దాదాపు 12 శాతం స్క్వాలీనే, కాబట్టి అది చర్మానికి పరాయిది కాదు. దానికి హైడ్రోజన్ ఎక్కించి, గాలికి పాడవకుండా చేసినదే స్క్వాలేన్. దశాబ్దాలపాటు క్రీముల కోసం సొరలను చంపారు. ఆలివ్ నూనె శుద్ధిలో మిగిలేదాని నుంచి తీయడం తర్వాత వచ్చింది.

మా ఊరు తణుకు. సీజనులో పంచదార ఫ్యాక్టరీ గేటు ముందు చెరుకు బండ్లు బారులు తీరి ఉండడం, మేము వెనకనుంచి గడలు లాగడం నా చిన్ననాటి జ్ఞాపకం. ఆ చెరుకుకు, సొరచేపకు మొహం క్రీములో చుట్టరికం కుదురుతుందని అప్పుడెవరైనా చెబితే మా నాన్నగారు నమ్మేవారు కారు. కుదిర్చింది అమెరికాలోని అమిరిస్ అనే సంస్థ. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ ప్రాంగణంలో జే కీస్లింగ్ బృందం మలేరియా మందు ఆర్టెమిసినిన్‌కు మూలపదార్థాన్ని ఈస్ట్‌తో చేయించే దారి కనిపెట్టింది; ఆ పరిశోధన నుంచి పుట్టిన సంస్థ ఇది. అదే నేర్పుతో బ్రెజిల్ చెరుకు పంచదారను ఈస్ట్‌కు మేపి, ఫార్నెసీన్ అనే నూనె చేయించి, దానితో డీజిలు తయారుచేయాలనుకుంది. భూమిలోంచి వచ్చే డీజిలు ధరతో పోటీ పడలేక, అదే ఫార్నెసీన్‌ను చర్మానికి మళ్లించింది. ఫార్నెసీన్ అణువులో పదిహేను కార్బన్ పరమాణువులుంటాయి. రెండింటిని జతచేస్తే ముప్పై, దానికి హైడ్రోజన్ ఎక్కిస్తే స్క్వాలేన్. లారీ ట్యాంకులో పోస్తే గిట్టుబాటు కాని సరుకు ముప్పై మిల్లీలీటర్ల సీసాలోకి వచ్చేసరికి లాభసాటి అయింది. అలాగని అంతా సుఖాంతమేమీ కాలేదు. ఆ సంస్థ 2023 ఆగస్టులో దివాలా రక్షణ కోరుతూ అమెరికా కోర్టుకెక్కింది.

ఇందులో పంచదారను నూనెగా మార్చింది ఈస్ట్, జత కలిపి హైడ్రోజన్ ఎక్కించింది రసాయన కర్మాగారం. దీనిని ప్రకృతి అనాలా, రసాయనం అనాలా అన్న వాదనకు అర్థమే లేదు. సొరది, ఆలివ్‌ది, చెరుకుది మూడూ శుద్ధి చేశాక ఒకే పదార్థం. అయినా మూలం దాచడం అంత సులువు కాదు. చెరుకు కార్బన్‌ను పట్టుకునే తీరు ఆలివ్ చెట్టు తీరుకు వేరు కాబట్టి, కార్బన్-13 అనే కాస్త బరువైన కార్బన్ రకం పాళ్లను కొలిచి చెరుకుదేదో, ఆలివ్‌దేదో, సొరదేదో ప్రయోగశాలలో పట్టుకోవచ్చు. ఒక హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పాలి. చెరుకు నీళ్లు తాగే పంట. సొరలు బతికాయన్నది నిజమే, అంతమాత్రాన బయోటెక్ అన్నదల్లా పర్యావరణానికి మేలు అని నేను అనను. ఆ లెక్క ఎవరి సరుకుకు వారు చూపించాలి.

మిగతావాటి గురించి క్లుప్తంగా చెబుతాను. నయాసినమైడ్ అంటే విటమిన్ బి3 రూపం. దాని తయారీలో చివరి మెట్టును రోడోకాకస్ అనే బ్యాక్టీరియాలోని ఎంజైముతో దాటించే పద్ధతి ప్రపంచంలో పెద్ద ఎత్తున నడుస్తోంది. చర్మం పైపొర నునుపు కోసం వాడే లాక్టిక్ యాసిడ్ పెరుగులోని పులుపే, పంచదార నుంచి పులియబెట్టి తీస్తారు. రసాయనాలు లేనివంటూ మీ వ్యాసం మెచ్చుకున్న మూలికా క్రీము ఒకటి మా పక్కింట్లో ఉంటే తిప్పి చూశాను. అందులో చిక్కదనానికి వేసినది జాంథన్ గమ్. అది క్యాబేజీకి నల్లకుళ్లు తెగులు తెచ్చే జాంథోమోనాస్ బ్యాక్టీరియా నుంచి వస్తుంది. దానివల్ల ఆ క్రీముకు వచ్చిన నష్టమేమీ లేదు, బ్యాక్టీరియా నుంచి పారిపోయి అక్కడికి చేరినవారికి మాత్రం ఈ సంగతి తెలియదు.

వ్యాసకర్తతో నేను ఏకీభవించేది ఒకచోట ఉంది, అది ధర, దానికి తగ్గట్టు చెప్పే గొప్పలు. చర్మంలోకి దూరాలంటే అణువు భారం సుమారు 500 డాల్టన్ల లోపు ఉండాలని చర్మశాస్త్రంలో ఒక మోటు లెక్క ఉంది. కొలాజెన్ అణువు దాదాపు మూడు లక్షల డాల్టన్లు. దానిని క్రీములో కలిపి లోపలి కొలాజెన్‌ను నింపుతామనడం పిండి జల్లెడలోంచి గుమ్మడికాయను దించుతామన్నట్టే. హయలురానిక్ యాసిడ్ లక్షల డాల్టన్లలో ఉన్నప్పుడు పైపొర మీదే ఉండిపోయి తడిని పట్టి ఉంచుతుంది. అది చిన్న మేలేమీ కాదు. డిసెంబరు నుంచి బెంగళూరు గాలి పొడిబారినప్పుడు, మొహం కడిగిన తడి మీదే రాసి, పైన ఏదైనా క్రీము పూస్తే ఆ ఉపకారం తెలుస్తుంది. ముడతలు మాయమవుతాయని దానికి వేలు పోసేవారిని చూస్తేనే నాకు జాలి.

చెత్తబుట్టలోంచి మా అమ్మాయి పడేసిన సీసాను తీసి కళ్లద్దాలు పెట్టుకుని చదివాను. అట్టపెట్టె మీద చెరుకు గడ బొమ్మ, ఒక పచ్చటి ఆకు, నూటికి నూరుపాళ్లు సహజం అన్న మాట పెద్దక్షరాలలో ఉన్నాయి. ఈస్ట్ మాట, ఫెర్మెంటర్ మాట ఎక్కడా లేదు. కంపెనీకి ఉత్తరం రాస్తే, తయారీ విధానం వ్యాపార రహస్యమని, తమ ఉత్పత్తి ప్రకృతి ఒడిలోంచి వచ్చిందని జవాబిచ్చారు. ఈస్ట్ జాతి రహస్యమంటే ఒప్పుకుంటాను. ఈస్ట్‌తో చేశామని చెప్పడం కూడా రహస్యమెలా అవుతుంది? బ్యాక్టీరియా అంటే జనం భయపడతారని కంపెనీలు ఆకు బొమ్మ వెనక దాచడం, అలా దాచినందువల్లే అదేదో విషమని మీ వ్యాసం వంటివి అనుమానించడం, రెండూ ఒకదానినొకటి పెంచి పోషిస్తున్నాయి.

చట్టం ఉన్నమేరకు ఉంది. కేంద్రం 2020 డిసెంబరులో తెచ్చిన కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం, చిన్న ప్యాకులకు ఉన్న మినహాయింపు పోను, పదార్థాలన్నిటి పేర్లూ డబ్బా మీద ఉండాలి. ఒక శాతానికి మించినవాటిని ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలి. ఒక శాతం, అంతకు లోపు ఉన్నవాటిని ఆ తర్వాత ఏ వరుసలోనైనా రాసుకోవచ్చు. మెలిక ఇక్కడే ఉంది. అరశాతం కూడా లేని ఖరీదైన పదార్థాన్ని ఆ గుంపులో మొదటి పేరుగా రాసినా తప్పు పట్టలేం. పాఠకులకు ఒక చిట్కా చెబుతాను. చెడిపోకుండా వేసే ఫినాక్సీఇథనాల్ ఒక శాతం మించకూడదు కాబట్టి, జాబితాలో దాని పేరు తర్వాత వచ్చేవన్నీ ఒక శాతమో అంతకన్నా తక్కువో అని గట్టిగా అనుకోవచ్చు. అట్ట మీద పెద్దక్షరాలలో మెరిసే పేరు ఎన్నోసార్లు ఆ గీతకు దిగువనే దొరుకుతుంది. దొరికినంతలో పనికిరానిదనలేం, హయలురానిక్ యాసిడ్ కొద్దిపాటిదైనా పనిచేస్తుంది. పాళ్లు తెలిస్తే ధర సబబో కాదో కొనేవారు తేల్చుకుంటారు. సహజం, స్వచ్ఛం వంటి పర్యావరణ గొప్పలకు ఆధారం చూపాలని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2024 అక్టోబరులో మార్గదర్శకాలిచ్చింది. అవి ఉన్నాయని మనవాళ్లలో ఎందరికి తెలుసో మీరే చెప్పాలి.

నేను కోరేది పెద్దదేమీ కాదు. చెరుకు పంచదార నుంచి ఈస్ట్‌తో, బ్యాక్టీరియాను పులియబెట్టి, ఆలివ్ నూనె నుంచి, ఇలా ముఖ్యమైన పదార్థం పక్కన ఒక్క ముక్క, దాని శాతం ఒక అంకె, చదవగలిగే సైజులో ఉంటే చాలు. అమ్మే రాష్ట్రపు భాషలో కూడా ఉంటే మరీ మంచిది; చిక్‌పేటలో కొనే గృహిణికి ఇంగ్లీషు రసాయన నామాల దండకం ఏమి ఉపయోగం? జీవసాంకేతిక తయారీని పెంచడానికి కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టులో బయోఈ3 విధానాన్ని ఆమోదించింది. ఆ విధానానికి పెట్టే డబ్బు మనదే కనుక, అందులో తయారయ్యే సరుకు గురించి మనకు అర్థమయ్యే మాటల్లో చెప్పమని అడిగే హక్కూ మనదే.

మీ పత్రికను ప్రత్యేకంగా కోరేది ఒకటుంది. ఆ వ్యాసంలో నిమ్మచెక్కతో రుద్దుకోమన్న సలహాకు, నిమ్మరసం తగిలిన చర్మంతో ఎండలోకి వెళ్లరాదని, రాత్రిపూటైనా మొహానికి నిమ్మ పట్టించడం మంచిది కాదని సవరణ వేయండి. వచ్చే ఆదివారం అదే పేజీలో, అదే సైజు అక్షరాలలో వేస్తే, మా అమ్మాయిలా ఆ వ్యాసం కత్తిరించి ఫ్రిజ్ తలుపుకు అంటించుకున్నవారి కంట పడుతుంది.

ఇట్లు,
మీ పాఠకురాలు,
మారతహళ్ళి, బెంగళూరు.